విజిల్‌కు తొందరెందుకు?

స్కూల్ గేమ్స్ ఎంపికలు వచ్చాయంటే తిరుపతి, చిత్తూరు బాస్కెట్‌బాల్ కోర్టుల పక్కన వినిపించే కేక ఒకటే: ‘డబుల్, సార్! డబుల్!’ అరిచేది అవతలి బెంచీ. ఒక్కోసారి ఆ అరుపు వినే విజిల్ పడుతుంది. బంతి చేతులు మారుతుంది. ఒక పాయింటు తేడాతో నడిచే ఆటలో అది చిన్న నష్టం కాదు.

బంతిని నేలకు కొట్టుకుంటూ సాగడం డ్రిబుల్; దాన్ని ముగించాక మళ్లీ మొదలుపెడితే డబుల్ డ్రిబుల్, తప్పు. అలా అనే ముందు రెఫరీ చూడాల్సింది బంతి అసలు ఆడే పిల్ల అదుపులోకి వచ్చిందా అని. పాస్ వచ్చింది, చెమట చేతుల్లోంచి జారింది, రెండుసార్లు నేలకు తగిలింది, పరుగెత్తి అందుకుంది. ఇది డ్రిబుల్ కాదు, ఫంబుల్. ఆ తర్వాత ఆమె నిక్షేపంగా డ్రిబుల్ మొదలుపెట్టొచ్చు. అదే, డ్రిబుల్ ముగించి రెండు చేతులా పట్టుకున్నాక జారిందనుకోండి. వెళ్లి తీసుకోవచ్చు, పాస్ ఇవ్వొచ్చు, షాట్ వేయొచ్చు. మళ్లీ డ్రిబుల్ మాత్రం కుదరదు. జారిన బంతి ఇంకో ప్లేయర్‌కు తగిలి వస్తే ఆ అడ్డూ ఉండదు.

క్యారీ (డ్రిబుల్ చేస్తూ బంతిని చేతిలో నిలిపేయడం) విషయంలోనూ ఇదే గందరగోళం. బంతి భుజం దాటి లేచిందని విజిల్ వేసేవాళ్లున్నారు. డ్రిబుల్ ఎత్తుకు రూల్స్‌లో కొలతే లేదు. బంతి చేతిలో నిలిచిందా లేదా అన్నదే లెక్క. నిలిస్తే ఆ డ్రిబుల్ అయిపోయినట్టే, తర్వాత కొట్టేది రెండోది.

అడుగుల దగ్గర తప్పులు రెండువైపులా జరుగుతున్నాయి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) 2017లో మార్చిన నిబంధన ప్రకారం, పరుగులో బంతి అందుకున్న క్షణాన నేలమీదున్న కాలు లెక్కలోకి రాదు. కుడికాలు నేలమీదుండగా డ్రిబుల్ ఆపి పట్టుకుంటే, ఎడమ ఒకటి, కుడి రెండు, షాట్. చూసేవాళ్లకు మూడు కనిపిస్తాయి, అయినా సక్రమమే. దీనికి విజిల్ వేస్తున్నారు. నిలబడి పాస్ అందుకున్న కుర్రాడు బంతి చెయ్యి వదలకముందే పివట్ కాలు (నేలకు ఆనించి ఉంచాల్సిన కాలు) ఎత్తేసి దూసుకుపోతే మాత్రం వదిలేస్తున్నారు. అసలైన ట్రావెలింగ్ (బంతి పట్టుకుని నిబంధనకు విరుద్ధంగా కాళ్లు కదపడం) అది. సిమెంటు కోర్టు మీద బంతితో పడి జారిపోయినా తప్పు లేదు (మోకాళ్ల సంగతి వేరు). బంతి పట్టుకునే పొర్లితేనో, లేవబోతేనో ట్రావెలింగ్.

పిల్లలు ఫోన్లో చూసి కొత్త మూవ్‌లు నేర్చుకుని వస్తున్నారు. విజిల్ పట్టినవాళ్లు పాత లెక్కల్లోనే ఉంటే ఎలా? టోర్నీ తొలిరోజు పొద్దున అరగంట, కోచ్‌లూ రెఫరీలూ కోర్టులో దిగి బంతితో ఈ సందర్భాలన్నీ చేసి చూసుకోవాలి. కాలు ఏ క్షణాన లేచిందో కాగితం మీద చెబితే తెలిసేది కాదు. ఫీబా నిబంధనల్లో 24, 25 ఆర్టికల్స్‌ను తెలుగులో అచ్చువేసి ప్రతి స్కోరర్ టేబుల్ మీదా ఉంచాలని నిర్వాహకులను కోరుతున్నాం.