టేపుతో కొలవండి, టై రాడ్ మాత్రం ముట్టుకోకండి

కారు వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఇంట్లోనే చేసుకోవచ్చనే మెసేజ్ ఒకటి వారం రోజుల్లో నాకు మూడుసార్లు వచ్చింది. మొదట కాలేజీ స్నేహితుల గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న రాత్రి మా బావగారి దగ్గర్నుంచి. మొదటి రెండుసార్లూ చూసి ఊరుకున్నాను. బావగారు మాత్రం "ఆదివారం చేద్దామనుకుంటున్నా, పానా సెట్ ఉందా?" అని అడిగారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "వీల్ అలైన్‌మెంట్‌కు షాపులో డబ్బు పోయడం దండగ. ఇంట్లోనే 15 నిమిషాల పని. కారు ఒక పక్కకు లాగినా, 80 దాటాక స్టీరింగ్ వణికినా అలైన్‌మెంట్ పోయినట్టే. ముందు చక్రాలను జాకీ మీద లేపండి. రెండు టైర్ల మధ్య దూరం ముందు వైపూ వెనక వైపూ టేపుతో కొలవండి. తేడా ఉంటే కిందికి దూరి, కారు లాగుతున్న వైపు టై రాడ్‌ను ఒక చుట్టు తిప్పండి. లాక్ నట్ చేత్తో బిగిస్తే చాలు."

వణుకు సంగతి ముందు తేల్చేద్దాం. ఆ వేగంలో వచ్చే వణుకు చాలావరకు బ్యాలెన్సింగ్‌ది, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా లేకపోవడం. రిమ్‌కు పెట్టిన వెయిట్ ఊడిపోయి ఉంటుంది, లేదా గోతిలో పడి రిమ్ వంగి ఉంటుంది. టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) ఎన్ని చుట్లు తిప్పినా అది పోదు.

పక్కకు లాగడం గురించి కొంచెం చెప్పాలి. మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచులకు వాలుగా ఉంటాయి. మనం ఎడమ వైపున నడుపుతాం కాబట్టి స్టీరింగ్ వదిలేస్తే మంచి కారు కూడా మెల్లగా ఎడమకు జరుగుతుంది. అంతకంటే గట్టిగా లాగితే ముందు గాలి చూడాలి. తర్వాత, ముందు రెండు టైర్లనూ అటూ ఇటూ మార్చి చూడాలి (ఒకే వైపు తిరిగే రకం టైర్లయితే వద్దు). లాగే వైపు మారితే తప్పు టైరుది. బ్రేకు పట్టేసినా లాగుతుంది, ఆ చక్రం రిమ్ మిగతావాటికంటే వేడిగా ఉంటుంది. ఇవేవీ కాకపోతే అప్పుడు ఎడమ కుడి చక్రాల క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం)లలో తేడా వెతకాలి. టై రాడ్‌తో మారేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం. ముందు చక్రాల టో తప్పితే టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ స్థిరంగా ఉండదు, కానీ కారు ఒకే పక్కకు లాగడానికి అది కారణం కావడం అరుదు. అంటే మెసేజ్ చెప్పిన జబ్బు ఒకటి, ఇచ్చిన మందు ఇంకొకటి.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన మాట: "ఒక చుట్టు". రాసినవాళ్లు ఒక్కసారైనా లెక్క వేసి చూశారా? చాలా టై రాడ్లకు ఒక చుట్టుకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర మి.మీ. కదలిక ఉంటుంది. వినడానికి చిన్నదే. కానీ స్టీరింగ్ ఆర్మ్ (టై రాడ్ పట్టుకుని చక్రాన్ని తిప్పే చేయి) పొడవు 130 మి.మీ., రిమ్ 14 అంగుళాలు అనుకుంటే, ఒకటిన్నర మి.మీ. కదలిక రిమ్ అంచుల దగ్గరికి వచ్చేసరికి ముందు వెనక దూరాల మధ్య సుమారు 4 మి.మీ. తేడా అవుతుంది. చాలా చిన్న కార్లకు కంపెనీ చెప్పే టో సున్నాకు అటూ ఇటూ ఒకటి రెండు మిల్లీమీటర్లే. నిటారుగా వెళ్తున్నప్పుడు ఆ 4 మి.మీ. తప్పును రెండు చక్రాలూ చెరిసగం పంచుకుంటాయి. అప్పుడు ఒక్కో టైరు కిలోమీటరుకు ఐదారు మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోతున్నట్టే. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు సుమారు 270 కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలో టైరు రబ్బరు రోడ్డు మీద దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు అడ్డంగా రుద్దుకుంటుంది. అలైన్‌మెంట్ డబ్బు మిగిలిందని సంతోషించేవాళ్లు రెండు ముందు టైర్ల ధర కూడా ఆ పక్కనే రాసుకోవాలి.

పైగా ఒక్క వైపే తిప్పమన్నారు! అలా చేస్తే కారు నేరుగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది. ఈఎస్‌పీ (కారు అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ) ఉన్న కార్లలో స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసే సెన్సార్ ఉంటుంది. స్టీరింగ్ వంకరగా ఉంటే కారు మలుపు తిరుగుతోందని దానికి తప్పుడు లెక్క పోతుంది. ఇంకోటి, రాక్ (టై రాడ్లను అటూ ఇటూ జరిపే స్టీరింగ్ భాగం) మీది రబ్బరు తొడుగు, అంటే బూట్, క్లిప్పు వదులు చేయకుండా రాడ్ తిప్పితే బూట్ మెలిపడి చిరుగుతుంది. వానాకాలం నీళ్లూ బురదా లోపలికి పోతే తర్వాత మార్చాల్సింది స్టీరింగ్ రాకే.

లాక్ నట్ చేత్తో బిగించాలట. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే చోట ఉండే నట్టు అది. వదులుగా ఉంటే గతుకులకు టో దానంతటదే మారుతుంది, థ్రెడ్లు అరుగుతాయి. ఈ సలహా రాసినవాళ్ల పిల్లలు ఆ కారు వెనక సీట్లో కూర్చుంటారా?

జాకీ సంగతి. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. జాక్ స్టాండ్లు పెట్టకుండా దాని కింద దూరడం ప్రాణంతో పందెం. అంత సాహసం చేసి కొలిచినా ఆ కొలత పనికిరాదు. చక్రాలు గాల్లో వేలాడితే సస్పెన్షన్ కిందికి జారి టో మారిపోతుంది. చక్రాలు నేల మీదే ఉండాలి, కొలిచే ముందు కారును కాస్త ముందుకు దొర్లించాలి.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. కొలవమన్న సలహా మంచిదే. సమతలమైన నేల, నాలుగు టైర్లలో సరైన గాలి, నిటారుగా ఉన్న స్టీరింగ్, కారుకు రెండు పక్కలా సమాంతరంగా కట్టిన దారం ఉంటే టో ఎంత ఉందో ఇంట్లోనే బాగా తెలుస్తుంది. రేసు కార్ల టీములు కూడా దారం కట్టి చూస్తాయి. షాపుల మీద ఆ మెసేజ్‌కు ఉన్న కోపం కూడా ఊరికే పుట్టింది కాదు. ఒక చోట నా కారుకు గాలి చూడలేదు, టై రాడ్ ఎండ్లలో ప్లే (వదులు) ఉందేమో చేత్తో కదిపి చూడలేదు, నేరుగా మెషీన్ ఎక్కించి క్యాంబర్ సరిచేస్తామని అదనంగా అడిగారు. బయటికొచ్చాక స్టీరింగ్ కుడికి వంగి ఉంది.

మర్నాడు ఉదయం సెల్లార్‌లో దారం కట్టి కొలిచాను. ఆ కాగితం పట్టుకుని వెళ్లి, ముందు రీడింగు, తర్వాతి రీడింగు రెండూ ప్రింటు తీసి ఇమ్మన్నాను. మళ్లీ మెషీన్ ఎక్కించారు, ఈసారి డబ్బు అడగలేదు. బావగారికి ఆదివారం పానా సెట్ ఇవ్వను. దారం, టేపు తీసుకుని నేనే వెళ్తాను.