గీతకు పేరు ఆయనది, గీత దాటిందీ ఆయనే

ఆస్ట్రేలియా సొంత ఫుట్‌బాల్ ‘ఫుటీ’లో దిగ్గజం రాన్ బరాసీ పేరెత్తితే మెల్‌బోర్న్‌లో ఎవరైనా చెప్పే కథ ఒకటే: 1970 గ్రాండ్ ఫైనల్, అంటే ఆ ఏటి లీగ్ తుదిపోరు. ఎంసీజీలో 1,21,696 మంది జనం. సగం ఆట అయ్యేసరికి కార్ల్‌టన్ జట్టు, కాలింగ్‌వుడ్ జట్టు కంటే 44 పాయింట్లు వెనక. కార్ల్‌టన్ కోచ్ బరాసీ కుర్రాళ్లకు హ్యాండ్‌బాల్ ఆడమని నూరిపోశాడు. అంటే బంతిని ఒక అరచేతిలో పెట్టుకుని, రెండో చేతి పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించి పరుగెత్తడం. బెంచీ మీదున్న టెడ్ హాప్కిన్స్‌ను దించితే నాలుగు గోల్స్ కొట్టాడు. కార్ల్‌టన్ 10 పాయింట్లతో గెలిచింది.

గొప్ప కథే. కానీ బరాసీని ఆ ఒక్క మధ్యాహ్నానికి కట్టేయడం అన్యాయం. ఆటగాడిగా ఆరు, కోచ్‌గా నాలుగు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్లు) ఉన్న ఈ మనిషి చేసిన అసలు పని, నా మటుకు, ఆయనకు ఒక్క కప్పూ రాని సిడ్నీలో ఉంది.

చరిత్రకారుడు ఇయాన్ టర్నర్ 1978లో ఓ ప్రసంగంలో ఆస్ట్రేలియాను రెండుగా విడదీశాడు. కాన్‌బెరా, బ్రోకెన్ హిల్, బర్డ్స్‌విల్ మీదుగా ఉత్తర తీరం దాకా ఒక ఊహారేఖ. ఇటు మెల్‌బోర్న్ వైపు ఫుటీ, అటు సిడ్నీ వైపు రగ్బీ. ఆ రేఖకు ‘బరాసీ లైన్’ అని పేరు పెట్టాడు. పదిహేనేళ్లకు బరాసీ స్వయంగా ఆ గీత దాటాడు. అప్పటికి సిడ్నీ స్వాన్స్ వరసగా ఓడిపోతున్న జట్టు. ఆయనకు 57 ఏళ్లు. పేరూ పరపతీ అన్నీ మెల్‌బోర్న్‌లోనే. కొత్తగా నిరూపించుకోవాల్సింది ఏమీ లేదు. అయినా వెళ్లాడు.

1993, 1994లలో ఆ జట్టుది ఆఖరి స్థానమేగా, 1996లో గ్రాండ్ ఫైనల్‌కు చేర్చింది తర్వాతి కోచ్ రాడ్నీ ఈడ్ కదా అంటారు. నిజమే. కానీ 1995లో ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి, కెప్టెన్ పాల్ కెల్లీ లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ అందుకుంది బరాసీ దగ్గరే. మునుగుతున్న పడవెక్కి నీళ్లు తోడినవాడి కష్టం పాయింట్ల పట్టికలో కనబడదు.

సొంత గూడు వదలడం ఆయనకు కొత్త కాదు. తండ్రి 1941లో టోబ్రూక్ యుద్ధంలో పోయాడు. టీనేజీలో మెల్‌బోర్న్ క్లబ్ కోచ్ నార్మ్ స్మిత్ ఇంట్లో ఉన్నాడు. అదే క్లబ్‌ను 1964 సీజన్ అయ్యాక విడిచి కార్ల్‌టన్‌కు వెళితే అభిమానులు ద్రోహమన్నారు. నేననను. తిరిగొచ్చి మెల్‌బోర్న్‌కే కోచ్‌గా ఉన్నప్పుడు ఐర్లండ్ కుర్రాళ్ల కోసం వెతికించాడు. అలా 1984లో డబ్లిన్ నుంచి వచ్చిన జిమ్ స్టైన్స్‌కు అప్పటిదాకా తెలిసింది గుండ్రటి బంతే. 1991లో బ్రౌన్‌లో మెడల్ అతనిదే.

మెల్‌బోర్న్ శివార్లు టార్నీట్, ట్రుగనినాల్లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు నేను చెప్పేదీ ఇదే. పిల్లల్ని క్రికెట్‌తో సరిపెట్టకండి, పిల్లలకు ఫుటీ నేర్పే ఆస్‌కిక్‌లోనూ చేర్పించండి. కోడిగుడ్డు ఆకారపు బంతి మనది కాదని ఎవరన్నారు?

బరాసీ 2023 సెప్టెంబర్‌లో 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఎంసీజీ గ్రాండ్ ఫైనల్‌లో తలపడ్డవి సిడ్నీ, బ్రిస్బేన్. రెండూ గీతకు అవతలివే.