కీమో ఇంటికి ఆ మెసేజ్ పంపకండి

పొద్దున్న లేచేసరికి మూడు గ్రూపుల్లో అదే మెసేజ్. అపార్ట్‌మెంట్ గ్రూపు, పదో తరగతి గ్రూపు, మా చుట్టాల గ్రూపు. చుట్టాల్లో పెట్టింది మా పిన్ని, క్యాన్సర్‌కి కీమో నడుస్తున్న మా అమ్మ మీద ప్రేమతోనే పెట్టింది, అది నాకూ తెలుసు, అయినా ఇక ఊరుకోలేక రాస్తున్నా. "కీమో, కిడ్నీ మార్పిడి వల్ల ఒంట్లో శక్తి తగ్గినవాళ్ళకి ప్రకృతి వైద్యం" అని మొదలెట్టి, రాగి చెంబు నీళ్ళు, పచ్చిపాలు, చద్దన్నం, ప్రోబయాటిక్ క్యాప్సూల్స్, విరేచనాలైతే భయపడొద్దు విషం బయటికి పోతోంది, మూడు రోజులు చూడండి, మోషన్స్ కట్టే బిళ్ళ వేసుకోవద్దు, పళ్ళు ఆపమనే డాక్టర్ మాట వినొద్దు... ఇలా సాగుతుంది.

రాగి చెంబు వాడుకోండి, కాకపోతే మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు పొయ్యండి. 2018లో గుంటూరులో తాగే నీళ్ళల్లో మురుగు కలిసి ఆరోగ్యంగా తిరిగేవాళ్ళే వందలమంది మంచాన పడ్డారు, చనిపోయారు కూడా. కౌంట్, అంటే రోగాన్ని ఆపే తెల్లకణాలు, లేని మనిషికి చెంబు అడ్డం పడదు.

పచ్చిపాలు ప్రకృతి అంట. తెనాలి దగ్గర మా అమ్మమ్మా వాళ్ళది పాడి ఉన్న ఇల్లు, పొద్దున పితికిన పాలు సాయంత్రం దాకా దాలిలో కాగుతూనే ఉండేవి, మీగడ ఎర్రగా కట్టేది, ఆ ఇంట్లో పచ్చిపాలు ఎవరూ తాగలేదు. సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్, లిస్టీరియా, ఈ మూడు బ్యాక్టీరియాలూ పచ్చిపాలల్లో ఉండొచ్చు. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళల్లో పేగు దాటి రక్తంలోకి, మెదడుకి కూడా పోతుంది.

చద్దన్నం నేనూ తింటా, ఆవకాయతో. కానీ అన్నం ఉడికినా బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు చావవు, బెజవాడ ఎండాకాలంలో రాత్రంతా గిన్నెలో ఉంచితే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, వాంతులు పుట్టించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. నాకు ఒక పూట కడుపునొప్పితో సరిపోయేది అమ్మకి సరిపోదు. ప్రోబయాటిక్స్ కూడా అంతే, మంచి బ్యాక్టీరియా అని పేరున్నా బతికున్న సూక్ష్మజీవులే కదా, ఛాతీలో కీమో లైన్ (మందు ఎక్కించే గొట్టం) ఉన్నవాళ్ళకి కొన్ని క్యాప్సూల్స్‌లో ఉండే ఈస్ట్ రక్తంలో ఇన్ఫెక్షన్‌గా మారిన కేసులున్నాయి. కీమో చూసే డాక్టర్‌ని అడగకుండా వద్దు.

ఇప్పుడు అసలుది. "విషం బయటికి పోతోంది, మూడు రోజులు చూడండి."

ఏం చూడాలి? మనిషి పోవడమా?

కీమో మందు క్యాన్సర్ కణాల్నే కాదు, పేగు లోపలి పొరని కూడా దెబ్బతీస్తుంది. సరిగ్గా అదే సమయానికి, కీమో ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య, తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు బయటి తిండితో వచ్చినవే కాదు, ఇన్నాళ్ళూ మన పేగులో ఊరికే పడున్న ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా కూడా ఆ పుండు పొరలోంచి రక్తంలోకి దూరతాయి. బయటికి పోవడం కాదండీ, లోపలికి పోతోంది! ఆపడానికి తెల్లకణాలు లేవు కాబట్టి వాపూ చీమూ లాంటి గుర్తులు పెద్దగా కనపడవు, చాలాసార్లు జ్వరం ఒక్కటే చెప్తుంది. అందుకే కీమోలో ఉన్న మనిషికి 100.4 దాటి జ్వరం నిలబడితే ఆస్పత్రిలో గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలంటారు. పారాసెటమాల్ వేసి పడుకోబెడితే ఆ ఒక్క గుర్తూ పోతుంది.

రెండో కీమో అయిన తొమ్మిదో రోజు సాయంత్రం అమ్మకి మోషన్స్ మొదలయ్యాయి, రాత్రి పదికి జ్వరం 101. ఇలాంటి మెసేజే ఎవరో చదివి వినిపించారు, "నీరసం వల్లేలే, తెల్లారి చూద్దాం" అన్నారు, నేనూ సరే అన్నాను. తెల్లారేసరికి బీపీ పడిపోయింది, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 300కి దిగాయి, నాలుగు రోజులు ఐసీయూ. ఆ ఎనిమిది గంటలు నేను పోగొట్టినవే, ఎవర్నీ అనను. ఇంకో ఇంట్లో అలా కాకూడదని ఇంత రాస్తున్నా.

ఒప్పుకోవాల్సినవి రెండున్నాయి. మోషన్స్ కట్టే బిళ్ళ సొంతంగా వేసుకోవద్దనే మాట నిజమే, మెసేజ్ చెప్పిన కారణం మాత్రం తప్పు. సి.డిఫిసైల్ అనే బ్యాక్టీరియా పేగులో ఇన్ఫెక్షన్ తెస్తే (అది యాంటీబయాటిక్స్ వాడాకే ఎక్కువ వస్తుంది), ఆ బిళ్ళ పేగు కదలిక ఆపేసి పరిస్థితి ఇంకా పాడుచేయొచ్చు, కాబట్టి ముందు పరీక్ష. దాని బీజాలకి శానిటైజర్ పనిచెయ్యదు, సబ్బుతో నీళ్ళకింద చేతులు కడగాలి, చూడ్డానికొచ్చే చుట్టాలు కూడా. రెండోది పళ్ళ సంగతి. కీమో అంటే పళ్ళన్నీ బందు అనే కఠిన పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరీక్షల్లో తేలలేదు, శుభ్రంగా కడిగి తొక్క తీసినవి తినొచ్చని ఇప్పుడు చాలామంది డాక్టర్లే అంటున్నారు. నేను మాత్రం నెలరోజులు అమ్మకి అరటిపండు కూడా ఇవ్వలేదు. బండిమీద కోసి పెట్టిన ముక్కలు మాత్రం అస్సలొద్దు.

పిన్నీ, మీ ఆడపడుచుగారి అబ్బాయికి కిడ్నీ మార్చారు కదా, ఆ మెసేజ్ వాళ్ళకీ పంపే ఉంటావు. ముందు ఆ ఇంటికి ఫోన్ చెయ్యి.