పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రం

2020 నవంబరులో ఒక గురువారం, ఇంకా తెల్లవారకముందే, డాలస్ శివారులోని ఒక క్రీడాసామగ్రి దుకాణం ముందు మా పక్కింటి పెద్దాయనకు తోడుగా వరసలో నిలబడ్డాను. తోడు అన్నది మర్యాద మాట. ఆయనకు కావలసింది ఒక తల. తూటాలు మనిషికి రెండు పెట్టెలకు మించి ఇవ్వబడవని తలుపుకు కాగితం అంటించారు. ఆయన ఒక్కరే మనిషి. ఆయన సతీమణికి మోకాళ్ల నొప్పులు. మాకు ముందున్నవారు మడతకుర్చీలను వరసగా వేసి, తాము మాత్రం కార్లలో హీటరు పెట్టుకుని కూర్చున్నారు. యూరియా లారీ వస్తుందంటే సొసైటీ గోదాము ముందు చెప్పుల జతలు వరసలో పెట్టి వేపచెట్టు నీడకు చేరే ఊరి నుంచి వచ్చినవాణ్ణి కనుక, ఆ ఖాళీ కుర్చీల భాష నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. నాకు అమెరికా పౌరసత్వం వచ్చి ఏడాది దాటింది కాబట్టి ఆ వరసలో నిలబడే అర్హత ఉంది. హెచ్1బీ వీసా మీద ఉన్న మా తమ్ముడికి లేదు. అయితే వాడు వేట లైసెన్సు ఒకటి తీసుకుంటే వాడికీ ఉంటుంది. చట్టం ఎంత కరుణామయమో చూడండి.

తలుపు తెరిచిన పది నిమిషాలకు మా వంతు వచ్చింది. అరలన్నీ ఖాళీ. ధరల చీటీలు మాత్రం, పెళ్లివారు వెళ్లిపోయిన విడిదింట్లో మామిడి తోరణాల్లా, వేలాడుతున్నాయి. నా చేతికి వచ్చిన పెట్టె అరచేతిలో పట్టేంతే ఉంది గాని అరకిలో పైన తూగింది. మూత తీస్తే ప్లాస్టిక్ అచ్చులో యాభై ఇత్తడి గుండ్రాలు, ఒక్కొక్కదాని నడుమ బొట్టు పెట్టినట్టు, లోపలి మందును అంటించే చిన్న ప్రైమర్. అంతకు ఏడాది ముందు పది డాలర్ల చుట్టుపక్కల దొరికిన ఆ పెట్టె అప్పటికి ముప్ఫై దాటింది. నాకు తుపాకీ లేదు. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, అడగాలని చట్టంలోనూ లేదు. వింత ఏమిటంటే, ఎన్నడూ తూటా ముట్టని నాకు, రెండే ఇస్తామని అనగానే, ఇంకో రెండు ఇస్తే బాగుండునని మనసు పీకింది.

ఈ పరిమితులను కొందరు హక్కుల మీద గొడ్డలిపెట్టని విమర్శించారు. నేను వారితో ఏకీభవించను. ఇంతకు మించిన సామాజిక న్యాయం నాకు అమెరికాలో మరెక్కడా కనబడలేదు. వైద్యానికి సమాన పంపిణీ లేదు, ఇళ్లకు లేదు, చదువులకు లేదు, తూటాలకు ఉంది. ఉన్నవాడు దుకాణాన్నంతా ఊడ్చుకుపోతే లేనివాడు దేనితో కాల్చుకోవాలన్న ఆర్ద్రమైన ప్రశ్న వర్తకులకు తోచడం చిన్న విషయం కాదు.

దీని చరిత్ర తెలుసుకోదగ్గది. 2008లో ఒబామా గెలవగానే దేశంలో తూటాలు మాయమయ్యాయి. ఆయన ఏమీ చేయలేదు, చేస్తాడేమోనని అందరూ కొన్నారు. 2012 డిసెంబరులో కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని ఒక బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. అప్పుడు ప్రభుత్వం ఏదైనా చేయకుండా ఉండదని దేశానికి నమ్మకం కుదిరి, మిగిలినవి కూడా మాయమయ్యాయి. 2013 జనవరిలో వాల్‌మార్ట్ సంస్థ మనిషికి రోజుకు మూడు పెట్టెలని హద్దు గీసింది. ఇందులో రోజుకు అన్న మాటను అశ్రద్ధ చేయకూడదు. రైఫిల్ తూటాలు సాధారణంగా పెట్టెకు 20 ఉంటాయి, అంటే రోజుకు 60. న్యూటౌన్ బడిలో రైఫిల్ నుంచి వెలువడినవి 154, పట్టిన సమయం అయిదు నిమిషాల లోపు. ఆ లెక్కన మనిషి వరసగా మూడు రోజులు దుకాణానికి రావలసి ఉంటుంది. ఈ లెక్క ఎవరైనా వేశారని నేను అనడం లేదు. ఎవరూ వేయలేదనే అంటున్నాను. హద్దు గీసింది వెనక వరసలో ఉన్న ఖాతాదారు వట్టి చేతులతో ఇంటికి పోకూడదని. తూటాకు ముందు వరసలో ఉండేవాళ్ల ప్రస్తావన ఆ కాగితంలో లేదు, దుకాణాలకు అది అలవాటూ కాదు.

ఆ కరవులో అన్నిటికంటే గట్టిగా మాయమైంది .22 తూటా. పిల్లలకు గురి నేర్పడానికీ, ఖాళీ డబ్బాలను, ఉడతలను కొట్టడానికీ వాడే బుల్లి సరుకది. నిరంకుశ ప్రభుత్వం మీద తిరగబడవలసిన రోజున దానితో ఏం చేస్తారని, తుపాకీ ఉండేదే అందుకని వాదించే ఒక పెద్దమనిషిని అడిగితే, తన దగ్గర ఎన్ని ఉన్నాయో బయటకు చెప్పడం క్షేమం కాదని జవాబిచ్చాడు. అది కొన్నేళ్లపాటు సరిగ్గా దొరకలేదు. లోకంలో అన్నిటికన్నా చవకైన తూటా కనుక అందరూ అన్నిటికన్నా ఎక్కువగా కొన్నారు, అందువల్ల అది లేదు, అది లేదు కనుక కనబడినప్పుడల్లా కొన్నారు. దేశీయ భద్రతా శాఖ 160 కోట్ల తూటాలు కొని జనానికి దక్కకుండా చేస్తోందని అప్పట్లో ఒక పుకారు లేచింది. ఆ అంకె అయిదేళ్లలో కొనడానికి వీలుపెట్టుకున్న గరిష్ఠ పరిమాణం. తీరా 2014లో ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ చూసి, ఆ శాఖ కొనుగోళ్లు 2009 నుంచి తగ్గుతూ వచ్చాయని చెప్పింది. అప్పటికి పుకారును నమ్మినవాళ్ల గ్యారేజీలు నిండిపోయాయి. ఎవరో దాచేస్తున్నారన్నది మాత్రం పూర్తిగా అబద్ధం కాదని ఆ గ్యారేజీలే సాక్ష్యం చెబుతాయి.

ఈ పరిశ్రమకు శత్రువే అన్నదాత. 2016లో తుపాకీలకు మిత్రుడైన అధ్యక్షుడు గెలవగానే భయం చల్లబడి అమ్మకాలు పడిపోయాయి. తుపాకీలూ తూటాలూ చేసే 1816 నాటి రెమింగ్టన్ కంపెనీ, సివిల్ వార్‌నూ రెండు ప్రపంచ యుద్ధాలనూ తట్టుకున్నది, ఆ మిత్రుడి ఏలుబడిలో 2018 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. 2020 జులైలో మళ్లీ వేసింది. ఆ సంవత్సరం తుపాకీ కొనేవారి పూర్వాపరాలు చూసే ఎఫ్‌బీఐ వద్దకు వచ్చిన తనిఖీలు దాదాపు 3.97 కోట్లు. ఒక్కో తనిఖీ ఒక్కో తుపాకీ కాకపోయినా ఆకలి ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. అంత ఆకలి వేళ దేశంలో ప్రైమర్లు చేసే నాలుగు పెద్ద కంపెనీల్లో ఒకటి కోర్టు మెట్ల మీద ఉంది. కరవులో అధికమాసమంటే ఇదే. ఇత్తడి దొరికినా, సీసం దొరికినా, మందు దొరికినా, ఆ బొట్టంత ప్రైమరు లేనిదే తూటా పేలదు. పౌరుల చేతిలో 39 కోట్లకు పైగా తుపాకీలు ఉన్నాయని 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ అంచనా కట్టింది. అప్పటి జనాభా 33 కోట్ల లోపు. తల ఒక్కింటికి తుపాకీ ఒకటి ఇచ్చి ఇంకా కోట్లు మిగిలే దేశంలో, తల ఒక్కింటికి రెండు పెట్టెలంటే ఎంత పిసినారితనమో ఆలోచించాలి.

పక్కింటి పెద్దాయనను చూసి నవ్వుకున్న నాకు 2023 జులైలో శాస్తి జరిగింది. భారత ప్రభుత్వం జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ సాయంత్రానికి డాలస్‌లోని తెలుగువారందరికీ ఒకేసారి సోనామసూరి గుర్తొచ్చింది. అప్పటికి రెండేళ్లుగా మధుమేహమని పుల్కాలు తింటున్నవాళ్లు కూడా బళ్లు తోసుకుంటూ వచ్చారు. దుకాణాలు కుటుంబానికి ఒక బస్తా అని కాగితాలు అంటించాయి. అప్పటిదాకా రెండు చాలనుకున్న నేను ఆ కాగితం చూశాకే తొమ్మిది తెచ్చాను: నేనొకసారి, మా ఆవిడ వేరే కారులో ఒకసారి, మా మామగారు టోపీ పెట్టుకుని ఒకసారి, ఇలా మూడు దుకాణాల్లో. పెద్దాయన గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి, నేను బస్తాలు దించుతుంటే లెక్కపెట్టి, ‘నీకూ ఒక తల కావలసి ఉంటే అడగవలసింది’ అన్నారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తివేశారు. మా ఇంట్లో అయిదో బస్తాకే పురుగు పట్టింది. ఆయన సరుకుకు ఆ బాధ లేదు, చల్లని పొడి చోట పెడితే చాలునట. దాచుకునే వస్తువుగా తూటా బియ్యం కన్నా ఎంతో ఉత్తమమైనదని నిష్పాక్షికంగా ఒప్పుకుంటున్నాను.

కరవులు తీరుతున్నకొద్దీ వసతులూ పెరిగాయి. 2024లో అలబామా, ఓక్లహోమా, టెక్సాస్‌లలోని కొన్ని కిరాణా దుకాణాల్లో తూటాలు అమ్మే యంత్రాలు పెట్టారు. గుర్తింపు కార్డు చూపి, కెమెరాకు ముఖం చూపితే, పాలు, గుడ్లు కొన్నచోటే తూటాలూ రాలతాయి. వరస లేదు, కుర్చీలు లేవు, పక్కింటివాళ్ల తలలు అరువు తెచ్చుకునే పనీ లేదు. తూటాలు ఎవరికి అమ్మారో దుకాణదారు పద్దు రాసుకోవాలన్న ఫెడరల్ నిబంధన 1986లోనే పోయింది. కొన్ని రాష్ట్రాలు తమ సొంత నియమాలు పెట్టుకుని పౌరులను విసిగిస్తున్నాయి గాని, మా టెక్సాస్‌కు అటువంటి చాదస్తం లేదు.

కాని ప్రభుత్వానికి పరిమితులు పెట్టడం చేతకాదని ఎవరైనా అంటే అది పచ్చి అపవాదు. పోయిన నెల నాకు పడిశం పట్టింది. ముక్కు దిబ్బడకు వాడే స్యూడోఎఫెడ్రిన్ బిళ్లలు కావాలని ఒక పెద్ద దుకాణంలోని మందుల విభాగానికి వెళ్లాను. వాటితో మత్తుమందు వండుతారని 2005 నాటి ఫెడరల్ చట్టం రోజుకు 3.6 గ్రాములు, 30 రోజులకు 9 గ్రాములని హద్దు పెట్టింది. కౌంటరు వెనక దాచాలి, ఫొటో ఉన్న కార్డు చూడాలి, సంతకం తీసుకోవాలి, ఆ పద్దును రెండేళ్లు భద్రపరచాలి. ఫార్మసిస్టు నా కార్డు స్కాన్ చేసి, కంప్యూటరు వైపు చూసి, మళ్లీ నా ముఖం చూసింది. ఇంట్లో ముగ్గురికి కలిపి మా ఆవిడ నా కార్డు మీదే ముందు కొనిపించిందని అప్పుడు గుర్తొచ్చింది. మా వాళ్లకు కూడా జలుబని తుమ్ముతూ నచ్చజెప్పబోయాను. ఇంకో పదకొండు రోజులు ఆగాలని ఆమె ఎంతో మృదువుగా చెప్పి, వెనకనున్నవారిని రమ్మంది. బయటకు వచ్చేసరికి అదే దుకాణం నుంచి పక్కింటి పెద్దాయన బండి తోసుకుంటూ వస్తున్నారు. అందులో వేట తూటాల అట్టపెట్టెలు ఆరు, పైన ఒక అరటి హస్తం. నా ముక్కు చూసి, పాపం మందేమైనా దొరికిందా అని అడిగారు. దొరకలేదన్నాను. ఆయన తల పంకించి, అరటి హస్తం నుంచి రెండు పళ్లు తుంచి నా చేతిలో పెట్టారు.