చెవిలో చెప్పే మద్దతు నాకు అవసరం లేదు

సమావేశం ముగిసి మూడు గంటలైనా నా కోపం చల్లారలేదు. పన్నెండు మందిమి కూర్చున్న గదిలో, సెలవులో ఉన్న ఒక సహోద్యోగిని మీదకు పని ఆలస్యమైన నెపమంతా నెట్టివేశారు. ఇలా ఆలస్యమవుతుందని ఆమె రెండు నెలల ముందే లిఖితపూర్వకంగా హెచ్చరించారు, ఆ హెచ్చరిక మా అందరికీ అందింది కూడా. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అధ్యక్షత వహించిన పెద్దమనిషి అడిగారు. ఆ ప్రశ్నను ఏ స్వరంతో అడుగుతారో మీకు తెలియనిది కాదు. నోరు మూసుకోమనే ఆజ్ఞకు చివర ప్రశ్నార్థకం తగిలించినట్లు ఉంటుంది. నాకు ఉందని చెప్పాను. మిగిలిన పది మందిలో కొందరు బల్లను, కొందరు ఫోన్‌ను పరిశీలించారు. నిన్న సాయంత్రం ఇదే విషయంపై "ఇంత అన్యాయమా" అని అరగంట సేపు నా దగ్గర వాపోయిన మిత్రుడైతే, తన కలం మూతను తవ్వకాల్లో దొరికిన నాణెంలా తిప్పి తిప్పి చూశాడు.

అసలు మంట ఆ తరువాత మొదలైంది. మెట్ల దగ్గర ఒకరు, లిఫ్టులో ఇంకొకరు, ఫోనులో మరో ఇద్దరు, "మీరు చెప్పిందే నిజం, మీ ధైర్యానికి జోహార్లు" అన్నారు. వారిలో ఒకరు పంపిన సందేశాన్ని నేను చదివేలోపే తొలగించారు. మద్దతుకు కూడా సాక్ష్యం మిగలకూడదన్నమాట!

మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ 1951లో ప్రచురించిన గీతల ప్రయోగాన్ని మన వక్తలందరూ ఉదహరిస్తారు. చుట్టూ ఉన్నవారు ముందే కుదుర్చుకున్న తప్పు జవాబు చెబుతూ ఉంటే, ఏ గీత ఏ గీతకు సమానమో కంటికి స్పష్టంగా కనిపిస్తున్నా, పరీక్షకు కూర్చున్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే తల ఊపారు. ఇంతవరకు చెప్పి, మనిషి స్వభావమే అంత అని నిట్టూర్చి, తమ మౌనానికి శాస్త్రీయమైన ముద్ర వేయించుకుని వెళ్లిపోతారు. ఆ గుంపులో మరొక్కరు నిజం చెప్పినప్పుడు తల ఊపడం సుమారు నాలుగో వంతుకు పడిపోయిందని మాత్రం చెప్పరు. జవాబును నోటితో చెప్పకుండా కాగితం మీద రాయనిచ్చినప్పుడు కూడా తప్పులు బాగా తగ్గాయి. లోపం కంటిలో లేదు, నోటిలోనే ఉంది. అందుకే మెట్ల దగ్గరి జోహార్లు నాకు వెక్కిరింతలా వినిపిస్తున్నాయి. ఆ గదిలో కావలసింది రెండవ గొంతు ఒక్కటే. అది నలుగురి దగ్గర ఉంది, నలుగురూ దాన్ని భద్రంగా లిఫ్టు దాకా మోసుకొచ్చారు.

నలుగురితో చావు పెళ్లితో సమానమని సామెత ఉంది కదా. ఇక్కడ చచ్చింది ఆ నలుగురు కాదు, గదిలో లేని ఐదవ మనిషి.

చిన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడు బోర్డు మీద లెక్క తప్పు చేస్తే నేను లేచి చెప్పాను. ఆయన దిద్దుకుని ముందుకు సాగారు, ఏమీ అనలేదు. తప్పును చూసి కూడా కిక్కురుమనకుండా పుస్తకాల్లోకి ఎక్కించుకున్న నా తోటివారే ఆ సంవత్సరమంతా నన్ను "పండితుడు" అని పిలిచి ఏడిపించారు. ఇన్నేళ్లయినా నేను వాళ్లను క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఎదురు చెప్పినవాడు పైవాడికి ఒక పూట చిరాకు మాత్రమే, మౌనంగా ఉన్నవాళ్లకు మాత్రం ప్రతిరోజూ కంటబడే అద్దం.

ఆ 1951లోనే స్టాన్లీ షాక్టర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకొక ప్రయోగం ప్రచురించాడు. చర్చలో గుంపు అభిప్రాయానికి అడ్డుపడిన మనిషికి మొదట అందరూ నచ్చజెప్పజూశారు. తరువాత కమిటీలకు పేర్లు సూచించమంటే, అతడిని ఎవరికీ అక్కరలేని ఉత్తరాలు రాసే కమిటీలోకి నెట్టారు. ఈ రోజు సమావేశం చివర మినిట్స్ రాసే పని ఎవరికి అప్పగించారో ఊహించండి.

రాశాను. "ఏకగ్రీవంగా" అనే మాట ఎక్కడా వాడలేదు. ఒకరు అభ్యంతరం తెలిపారనీ, పది మంది మాట్లాడలేదనీ, ఆమె హెచ్చరించిన తేదీతో సహా రాసి, పన్నెండు మందికీ, ఆమెకూ పంపాను. అభ్యంతరం తెలిపినవారిలో తమ పేరు కూడా చేర్చమనేవారు రేపు ఉదయంలోగా ఒక్క మాట రాస్తే చాలని ఆ నలుగురికీ విడిగా తెలియజేశాను. నలుగురూ చదివినట్లు ఫోనులో కనిపిస్తోంది. జవాబు ఇంకా ఒక్కటీ రాలేదు.