బరువులెత్తే జాతి

మగవాడికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తే బరువులెత్తలేడు. ఏ వైద్య గ్రంథంలోనూ లేని ఈ సత్యానికి శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఎదురులేదు. అందుకే రెండో కాన్పు కాగానే అత్తగారు ఆసుపత్రి మంచం పక్కనే తీర్పు చెప్పేస్తుంది: “వాడు కష్టపడేవాడమ్మా, వాడికెందుకు? నువ్వెలాగూ ఇక్కడే ఉన్నావు, ఆ పని కూడా అయిపోతుంది.”

ఏర్పాటు పకడ్బందీగానే సాగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, 15-49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో సుమారు 70 శాతం మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్లు అర శాతం కూడా లేరు. అంటే రాష్ట్రంలో బరువులెత్తే శక్తి చెక్కుచెదరలేదన్నమాట. ఆ శక్తితో ఏం ఎత్తుతున్నారని అడక్కండి. మా వీధిలో గ్యాస్ బండ వస్తే, కడుపు మీద కోత ఉన్న మనిషే దాన్ని వంటింట్లోకి దొర్లించుకుపోతుంది.

మగవాళ్ల ఆపరేషన్ మరీ అవమానకరంగా ఉంటుంది లెండి. చర్మానికి చిన్న రంధ్రం, అందులోంచి వీర్యకణాలు మోసే సన్నటి గొట్టాలు రెండు బయటికి లాగి కోసి కట్టడం, కుట్లు కూడా లేకుండా పావుగంటలో ఇంటికి. మూడు నెలలు జాగ్రత్తపడి, ఓ పరీక్ష చేయించుకుంటే సరి. మగతనపు హార్మోను ఆ గొట్టాల్లో కాదు, నెత్తురులో పోతుందని డాక్టర్లంటారు. ఇంత తేలిక పని మగవాడి స్థాయికి తగదు. పొట్ట లోపల దాక్కున్న ట్యూబులే మర్యాద.

పైగా చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదే, దేశంలో 60 లక్షల మందికి పైగా మగవాళ్లకు ఆపరేషన్లు చేశారు, ఎందరినో బలవంతాన. ఎన్నికల్లో ప్రభుత్వం కూలింది. ఆడవాళ్లకు చేసినందుకు ఏ ప్రభుత్వమూ కూలలేదు. అధికారులకు లెక్క అర్థమైంది.

పిల్లలు పుట్టకపోయినా ఇదే న్యాయం. సంతానం లేని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపూ లోపం ఉంటుంది. అది తేల్చే వీర్య పరీక్షకు ఒక డబ్బా, ఒక గది చాలు. కానీ కోడలికి ట్యూబుల్లో మందు ఎక్కించి ఎక్స్‌రే, నెలనెలా స్కాన్లు, చివరికి నాగప్రతిష్ఠ కూడా అయ్యాకే ఆ డబ్బా బయటికొస్తుంది. తీరా వీర్యకణాలు తక్కువని తెలిసినా భయంలేదు, ఇక్సీ అనే పద్ధతిలో ఒక్క కణాన్ని అండంలోకి గుచ్చుతారు. ఆ అండాలు పెరగడానికి రోజూ ఇంజెక్షన్లు మాత్రం ఆవిడకే.

ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. ఇద్దరిని మించి కంటే పంచాయతీ ఎన్నికలకు పనికిరారని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేసి, ఇంకా కనమంటోంది. పాతికేళ్లకే ట్యూబులు ముడేయించుకున్నవాళ్లు ఏం కంటారు? దానికీ మార్గముంది. ముడేసిన ట్యూబులు మళ్లీ కలిపే ఆపరేషన్. మళ్లీ అదే మంచం, పక్కన అదే అత్తగారు. ఆయన ఫ్లాస్కు మోసుకొస్తాడు. లీటరు ఫ్లాస్కు.