ప్రోడక్ట్ పాఠాలు ఎనుమాముల కాటా దగ్గర నేర్చుకోవాలి

వరంగల్, హనుమకొండలలో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఇప్పుడు ప్రోడక్ట్ మేనేజర్ ఉద్యోగం మీద, అంటే వాడేవారి అవసరం కనుక్కొని వస్తువో యాపో ఎట్లా ఉండాలో తేల్చే పని మీద, మోజు పెరిగింది. అందుకోసం ఆన్‌లైన్ కోర్సులు కొంటున్నారు, సర్టిఫికెట్లు పోగేస్తున్నారు, ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి సూత్రాలు బట్టీ పడుతున్నారు. ఇంత శ్రమలోనూ వస్తువు వాడే మనిషి మాత్రం వారికి ఎదురుపడడు. ఈ వృత్తికి మూలంగా చెప్పుకునేది అమెరికాలోని సబ్బుల కంపెనీ ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌లో ఉద్యోగి అయిన నీల్ మెక్ఎల్రాయ్ 1931లో తన యాజమాన్యానికి రాసిన మూడు పేజీల పత్రం. సరుకు ఎక్కడ సరిగా అమ్ముడుపోవడం లేదో ఆ ప్రాంతానికి స్వయంగా వెళ్లి, డీలర్లనూ కొనేవారినీ కలిసి కారణం తెలుసుకోవాలని అందులోనే ఉంది. తొంభై ఏళ్లు దాటినా ఆ మాటకు మించిన పాఠ్యాంశం ఏ కోర్సులోనూ లేదని నా అభిప్రాయం.

వెళ్లవలసిన చోటు మనకు దూరమేమీ కాదు, వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డే. 2025-26 సీజన్‌లో మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే, దాని కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా స్లాట్ తీసుకోవడం తప్పనిసరి అయింది. యాప్ దృష్టిలో స్లాట్ అంటే ఒక తేదీ. రైతుకు మాత్రం ఏరడానికి కూలీలు దొరికి, ఏరిన పత్తి ఆరడానికి ఎండ కాసి, తోలడానికి బండి కుదిరితేనే అది అమ్మే రోజవుతుంది. పత్తిలో తేమ 8 శాతం మించకపోతే పూర్తి మద్దతు ధర, 12 శాతం వరకు కోతతో కొనుగోలు, అది దాటితే తిరస్కరణ. అక్టోబరు చివర మొంథా తుఫాను వాన ఈ జిల్లాలను ముంచెత్తిన సీజన్ అది. బండి నడుమ నుంచి తీసిన పిడికెడు పత్తికి మీటరు పెట్టినప్పుడు 14 చూపిస్తే, స్లాట్ చేతిలో ఉన్న రైతుకు మిగిలే దారులు రెండే: కిరాయి భరించి ఇంటికి మళ్లడం, లేదా ఆ సీజన్‌కు క్వింటాలుకు 8,110 రూపాయలున్న మద్దతు ధరను మరచి ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకు దింపేయడం. ‘మీ పత్తి ఆరిందా?’ అన్న ప్రశ్న ముందే అడిగి, దానిని బట్టి తేదీని జరుపుకునే వీలిచ్చే ఏర్పాటును రూపొందించడమే ప్రోడక్ట్ మేనేజర్ పని.

ఈ సంగతి సర్వే ఫారాలతో తెలియదు. యాప్ ఎట్లా ఉందని అడిగితే రైతు మర్యాదకు ‘బాగనే ఉన్నది సార్’ అంటాడు, మనం దానిని ఐదు నక్షత్రాలుగా రాసుకుంటాం. అభిప్రాయం పక్కన పెట్టి జరిగింది అడగాలి: ‘నిరుడు ఆఖరి బండి ఎప్పుడు తోలిన్రు? ఆ రోజే ఎందుకు తోలిన్రు? కిరాయి ఎంతైంది? ఫోన్‌ల ఎవరు నొక్కిన్రు?’ చివరి ప్రశ్నకు ‘జిరాక్స్ షాపు పిలగాడు’ అని జవాబు వస్తే, తెర ముందు కూర్చునేది ఒకరు, ఫలితం అనుభవించేది మరొకరు అని తేలిపోతుంది. ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోవాలి, స్లాట్ రద్దయితే ఎవరికి చెప్పాలి అన్న నిర్ణయాలన్నీ అక్కడే మారిపోతాయి. కౌలురైతును అడిగితే పట్టా ఒకరిది, పంట మరొకరిది అన్న ఇంకో చిక్కుముడి బయటపడుతుంది.

స్లాట్ లేకపోతే సీసీఐ పత్తి కొనే జిన్నింగ్ మిల్లుల ముందు రోజుల తరబడి బండ్లు బారులు తీరుతాయని, రైతు పేరుతో దళారులు అమ్ముకుంటారని అధికారులు అంటారు. అందులో నిజం ఉంది, స్లాట్ ఆలోచనను నేను తప్పుపట్టడం లేదు. అయితే గేటు ముందరి వరుసను ఊళ్లోని ఇంటి ముందరికి మార్చినంత మాత్రాన సమస్య తీరినట్టు కాదు.

అసలు రోగం టెండరులో ఉంది. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టేది శాఖ, సంతకం పెట్టేది అధికారి, వాడేది రైతు. ఏమేం కావాలో పొలం మొహం చూడకముందే కాగితం మీద ఖరారవుతుంది, ఆ కాగితం ప్రకారం తయారైతే బిల్లు పాసవుతుంది. మధ్యలో నేర్చుకోవడానికి చోటే లేదు, నేర్చుకున్నవాడికి దమ్మిడీ లాభం లేదు. 2020 అక్టోబరు 29న మొదలైన భూరికార్డుల పోర్టల్ ధరణిని చూడండి. రికార్డులో తప్పు దొర్లితే సరిదిద్దే దారి మొదట్లో సరిగా లేదు, తర్వాత ఒక్కొక్క మాడ్యూల్ అతికిస్తూ పోయారు, తన గోడు ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో రైతే కనుక్కోవలసి వచ్చింది. చివరికి 2025లో ధరణి స్థానంలో తెచ్చిన భూభారతి పేరిట ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి కాగితాల మీద దరఖాస్తులు తీసుకుంటే అవి లక్షల్లో వచ్చిపడ్డాయి. అవన్నీ మొదటి రోజే అడిగి తెలుసుకోదగిన సంగతులు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపారు. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే అద్దకానికి ముందు నూలును మేకుల చుట్టూ చుట్టడానికి, చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పి తల్లి భుజం నొప్పితో బాధపడడం చూసి, 1992లో ఆ పని చేసే యంత్రం తయారీ మొదలుపెట్టి 1999లో పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు అక్కరకొచ్చింది ఏ నమూనా పటమూ కాదు, వాడే మనిషి ఇంట్లోనే ఉండడం. మన ఎన్ఐటీ విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు, కానీ ఎనుమాముల యార్డుకు ఆటోలో వెళ్లిరావచ్చు. అక్కడ ఆ రోజు ధర తేల్చే వేలం, జెండా పాట, వినవచ్చు, అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీలో ఏయే కోతలు పడ్డాయో రైతు పక్కన నిలబడి చదవవచ్చు, మోసే హమాలీ, కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారు, తూకం వేసే దడువాయి ఒకే బస్తాను మూడు రకాలుగా ఎట్లా చూస్తారో గమనించవచ్చు.

కాబట్టి ఎన్ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం పత్తి, మిర్చి సీజన్ పొడవునా యార్డులో చేసే పనికి క్రెడిట్లు ఇవ్వాలి. నివేదికను మార్కెట్ కమిటీ ముందు, రైతుల సమక్షంలో చదివించాలి. రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా రైతులు వాడే ప్రతి యాప్ టెండరులో ఒక షరతు చేర్చాలి: సగం బిల్లు ఒక సీజన్ గడిచాక, రైతులతో మాట్లాడి చేసిన మార్పుల జాబితా చూశాకే చెల్లించాలి.